కొలువు దిగిన గ్లాక్ 22 గారికి

మహారాజశ్రీ గ్లాక్ 22 గారికి నమస్కారాలు.

మొన్న డల్లాస్ దగ్గర ఓ తుపాకుల కొట్లో, గాజు బల్ల కింద పడుకుని ఉండగా మిమ్మల్ని చూశాను. పక్కన చీటీ: 'పోలీస్ ట్రేడ్-ఇన్'. అంటే పోలీసులు వాడి ఇచ్చేసిన పిస్తోలన్నమాట. కొత్తది కావాలంటే ఐదొందల డాలర్ల పైమాటే, మీరేమో మూడొందల చిల్లర. ఏళ్ల తరబడి ఒరలోంచి తీసీ పెట్టీ మీ పైభాగం, అదే స్లైడ్, దాని అంచుల్లో నలుపంతా పోయింది. గురి చూడ్డానికి రాత్రిళ్లు మెరవాల్సిన చుక్కలు మసకబారాయి. వాటిలో ఉండేది ట్రిటియం అనే రేడియోధార్మిక వాయువు కదా, పన్నెండేళ్లకు సగం వెలుగు పోతుంది. "పైపైన అరుగుదలే సార్. మోసిందెక్కువ, కాల్చింది తక్కువ" అన్నాడు కొట్టతను. మా ఊళ్లో సెకండ్ హ్యాండ్ మారుతి అమ్మేవాడూ ఇంతే. "డాక్టరు గారి బండండీ, ఇంటికీ ఆస్పత్రికీ తప్ప తిరగలేదు!"

మీ జాతకం కాస్త చదివాను. 1986లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. తప్పంతా 9 ఎంఎం తూటాది, దానికి సత్తువ లేదన్నారు. ఆ గొడవలోంచే 1990లో అంతకంటే లావైన .40 తూటా పుట్టింది, దాని కోసం మీరు పుట్టారు. పాతికేళ్లు తిరిగాక అదే ఎఫ్‌బీఐ, ఇప్పుడు 9 ఎంఎం బాగుపడింది, పేలినప్పుడు చేతికి తగిలే తన్ను తక్కువ, 15 తూటాలు పట్టే చోట 17 పడతాయి అంటూ మళ్లీ దాని దగ్గరికే చేరింది. పెద్దింటావిడ నగ మారిస్తే వీధంతా మార్చినట్టు ఊరూరా పోలీసు శాఖలూ మారాయి. మీరు గాజు బల్ల కిందికి వచ్చారు.

ఎలా వచ్చారో కూడా తెలుసు. శాఖవాళ్లు పాతవన్నీ డీలరుకిస్తారు, ఆ విలువ కొత్తవాటి బిల్లులో తగ్గిస్తాడు. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే గంపావిడతో మా అమ్మ చేసిన బేరం అచ్చం ఇదే. కాకపోతే మా నాన్న పాత ప్యాంటు ఏనాడూ తిరిగొచ్చి మా ఇంటికి కన్నం వెయ్యలేదు. మీ వాళ్ల సంగతి అలా కాదు. 2006 తర్వాత అమెరికాలో నేరాల దగ్గర దొరికిన తుపాకుల్లో 52 వేలకు పైగా ఒకప్పుడు పోలీసులవేనని 2024లో పత్రికలవాళ్లు లెక్క తేల్చారు. అమ్మినవి, పోయినవి, దొంగలెత్తుకెళ్లినవి అన్నీ కలిపి లెండి. వాటిని ఎదుర్కోవడానికి పోలీసులకు మళ్లీ కొత్తవి కావాలి. కొత్తవాటికి డబ్బు కావాలి. డబ్బుకు పాతవి అమ్మాలి.

మా రూమ్మేట్ ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నాడు. ఆ వీసావాళ్లు తుపాకీ కొనకూడదు, కానీ వేట లైసెన్స్ ఉంటే కొనొచ్చట. గుడ్డు కూడా ముట్టని మనిషి, జింకను జూలో తప్ప చూడలేదు, ఆన్‌లైన్‌లో ఆ లైసెన్స్ ఫీజెంతో వెతుకుతున్నాడు. ఎందుకురా అంటే "రెండొందలు మిగులుతున్నాయి కదన్నా" అన్నాడు.

నవ్వాను గానీ, నేనూ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. స్లైడ్ మీద ఆ శాఖ పేరు ఇంకా అలాగే ఉంది. "ఈ గీతలకు ఇంకో పాతిక తగ్గించరా?" అని అడిగాను కూడా.

ఇట్లు,
అవసరం లేకపోయినా ధర అడిగినవాడు