సవరణ: డేటా లేకుండా డేటాబేస్ నిర్మాణం ఎగుమతి

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ధాన్యం లెక్కల సాఫ్ట్‌వేర్ చూసుకునేవారి కోసం పెట్టిన గత పోస్టులో, మైఎస్‌క్యూఎల్‌డంప్ (మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను ఫైలుగా ఎగుమతి చేసే సాధనం) ఆదేశానికి ‘--నో-డేటా’ జోడిస్తే డేటాబేస్ నిర్మాణమంతా వస్తుందని ఉంది. దాన్ని ఇలా సవరించి చదవండి: పట్టికలు, వ్యూలు (దాచి ఉంచిన క్వెరీలు), ట్రిగ్గర్లు (పట్టికలో మార్పు జరిగినప్పుడు వాటంతట అవే నడిచే ఆదేశాలు) వస్తాయి. డేటాబేస్‌లోనే దాచి ఉంచిన చిన్న ప్రోగ్రాములు, అంటే స్టోర్డ్ ప్రొసీజర్లు, ఫంక్షన్లు రావు. వాటికి ‘--రొటీన్స్’, నిర్ణీత సమయానికి నడిచే ఈవెంట్లకు ‘--ఈవెంట్స్’ విడిగా ఇవ్వాలి. తేమ కోత లెక్కగట్టే ప్రొసీజర్ కొత్త కంప్యూటర్‌లో లేదన్న సంగతి, ధాన్యం లారీలు గేటు ముందు బారులు తీరినప్పుడు తెలియకూడదు.

ఇంకా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఎగుమతి చేసిన ఫైలులో ప్రతి పట్టికకూ ముందు, అదే పేరుతో పాత పట్టిక ఉంటే తొలగించమనే ఆదేశం దానంతట అదే చేరుతుంది. నిర్మాణమే కదా అని నడుస్తున్న డేటాబేస్ మీద దాన్ని నడిపితే సీజను లెక్కలన్నీ పోయి ఖాళీ పట్టికలు మిగులుతాయి. దయచేసి ‘--స్కిప్-యాడ్-డ్రాప్-టేబుల్’ పెట్టండి, లేదా కొత్తగా సృష్టించిన ఖాళీ డేటాబేస్‌లోనే నడపండి. నేనైతే రెండో పద్ధతినే నమ్ముతాను. కానీ ఎగుమతి చేసేటప్పుడు ‘--డేటాబేసెస్’ వాడి ఉంటే జాగ్రత్త: పాత డేటాబేస్ పేరు ఫైలులోనే ఉంటుంది, కాబట్టి మీరు ఏ డేటాబేస్ ఎంచుకున్నా ఆదేశాలు ఆ పాత పేరు మీదే నడుస్తాయి.

మహబూబ్‌నగర్ నుంచి పోస్ట్‌గ్రెస్ (మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సంగతి అడిగారు. అక్కడ ఎగుమతికి వాడే పీజీ‌డంప్‌కు ‘--స్కీమా-ఓన్లీ’ ఇస్తే ఫంక్షన్లు కూడా వస్తాయి. వినియోగదారుల రోల్స్ (లాగిన్ ఖాతాలు, గ్రూపులు) మాత్రం రావు. వాటిని, సర్వర్ మొత్తాన్ని ఎగుమతి చేసే పీజీ‌డంప్‌ఆల్‌తో, ‘--రోల్స్-ఓన్లీ’ ఇచ్చి వేరుగా తీసుకోవాలి.