ఆయింట్‌మెంట్ మార్చడం ఆపి బయాప్సీ చేయించండి

మెడికల్ షాపుకెళ్లి "కింద దురదగా ఉంది, ఎర్రగా అయింది" అని మెల్లగా చెబితే చాలు, చీటీ కూడా అడగకుండా ఒక ట్యూబ్ చేతిలో పెడతారు. ఫంగస్‌కి, బ్యాక్టీరియాకి, మంటకి మూడింటికీ కలిపి ఒకే క్రీమ్. అందులో స్టెరాయిడ్ ఉంటుంది కాబట్టి నాలుగు రోజులు ఎరుపు తగ్గినట్టే ఉంటుంది. తర్వాత మళ్లీ మొదలు. మళ్లీ అదే ట్యూబ్. మా బాబాయికి ఇలా దాదాపు ఏడాది గడిచిపోయింది. చివరికి బయాప్సీ, అంటే అక్కడి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే పురుషాంగ క్యాన్సర్ అని తేలింది.

ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. "పేరు వద్దు గానీ రాయిరా, నాలాగా ఇంకొకడు దాచుకోకూడదు" అన్నారు.

బాబాయి ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యారు. షుగర్ ఉంది, ఉద్యోగం చేసినన్నాళ్లూ సిగరెట్లు. షుగర్ ఉన్న మగవాళ్లకు పురుషాంగం కొనను కప్పే ముందు చర్మం కింద ఫంగస్ రావడం, చర్మం బిగుసుకుపోయి వెనక్కి రాకపోవడం మామూలే. సరిగ్గా ఇక్కడే మోసం జరుగుతుంది. ప్రతి దాన్నీ షుగర్ ఖాతాలో వేసేస్తారు. మా బస్తీలోని క్లినిక్‌లో ఆయన్ని రెండుసార్లు చూశారట. రెండుసార్లూ కుర్చీలో కూర్చోబెట్టి మాటలతోనే చూశారు. ప్యాంటు విప్పమని అడగలేదు, ఈయన చెప్పలేదు. షుగర్ మాత్ర పెంచి పంపించారు. నాకు ఇప్పటికీ మంటగా ఉండేది దీని గురించే. చర్మం వెనక్కి రాకపోతే దాని కింద ఏం పెరుగుతోందో ఎవరికీ కనబడదు. చెడు వాసన, రసి, అప్పుడప్పుడు రక్తపు చుక్క, చేతికి తగిలే గట్టి ముద్ద, ఇవే గుర్తులు. చాలామందికి మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి ఉంటే మా బాబాయి ముందే వెళ్లి ఉండేవారు.

ఇంట్లో ముందు కనిపెట్టింది పిన్ని. ఎన్నడూ బనీను కూడా ఉతుక్కోని మనిషి తన లుంగీలు తానే ఉతుక్కుంటున్నారని ఆమెకు అనుమానం వచ్చింది. అడిగితే కసురుకున్నారు. ఆయన భయం ఏమిటంటే ఇది సుఖవ్యాధి అనుకుంటారని, పిన్ని తనను ఏమనుకుంటుందోనని. సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల గోడల మీద, కరెంటు స్తంభాల మీద గుప్తరోగాల పోస్టర్లు చూస్తూ పెరిగిన తరం మరి. నడుము కింద ఏ జబ్బు వచ్చినా అది తప్పుడు పనికి శిక్ష అని ఆ గోడలే నేర్పాయి.

నిజం ఏమిటో చెబుతాను. ఈ క్యాన్సర్ దాదాపు అంతా చర్మపు పైపొర కణాల్లో మొదలయ్యేదే. చర్మం బిగుసుకుపోవడం, ఏళ్ల తరబడి లోపల శుభ్రం కాకపోవడం, పొగాకు, తెల్లగా మారి గట్టిపడే ఒక రకం చర్మ వ్యాధి, ఇవన్నీ దారి తీసేవే. హెచ్‌పీవీ అనే వైరస్ పాత్ర సుమారు సగం కేసుల్లో కనిపిస్తుంది. ఆ వైరస్ ఎంత మామూలుదంటే, పెళ్లయిన మామూలు మనుషుల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకి దానంతటదే పోతుంది. కాబట్టి క్యాన్సర్ వచ్చిన మనిషి గుణాన్ని ఎవరూ లెక్కకట్టొద్దు. క్యాన్సర్ భార్యకు అంటుకోదు. అయితే భార్య గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవడం మంచిది, అది ఆడవాళ్లందరూ ఎలాగూ చేయించుకోవాల్సిందే. హెచ్‌పీవీ టీకా మగపిల్లలకూ వేయొచ్చు.

పసితనంలోనే సున్తీ జరిగినవాళ్లలో ఇది చాలా అరుదు. అంటే అందరూ సున్తీ చేయించుకోవాలని కాదు. చర్మం తేలిగ్గా వెనక్కి వచ్చేవాళ్లు రోజూ స్నానంలో వెనక్కి లాగి నీళ్లతో కడుక్కుంటే సరిపోతుంది. చిన్నపిల్లలకు మాత్రం బలవంతంగా లాగకండి, వాళ్లకు అది అతుక్కుని ఉండటం సహజం. పెద్దయ్యాక కొత్తగా బిగుసుకుంటే మాత్రం డాక్టర్‌కు చూపించాల్సిందే.

క్యాన్సర్ అనగానే మొత్తం తీసేస్తారని మగవాళ్లు పారిపోతారు. ఆలస్యం చేస్తేనే ఆ అవసరం వస్తుంది. పైపైన ఉంటే క్రీమ్‌తో, లేజర్‌తో నయం చేస్తారు. ముందు చర్మానికే పరిమితమైతే సున్తీతోనే పోవచ్చు. చివరి భాగం తీయాల్సి వచ్చినా, ఒకప్పుడు గడ్డకు అవతల 2 సెంటీమీటర్లు మంచి కండ కూడా కోసేవారు, ఇప్పుడు కొన్ని మిల్లీమీటర్లు చాలంటున్నారు. మా బాబాయికి కొంత భాగమే తీశారు. నిలబడే మూత్రం పోస్తున్నారు. మొత్తం తీసిన వాళ్లకు వృషణాల వెనక దారి పెడతారు, వాళ్లు కూర్చునే పోయాలి. మన బస్టాండ్లలో మగవాళ్ల వైపు కూర్చోవడానికి శుభ్రమైన చోటు ఎక్కడుందో ఒకసారి చూడండి, ఊరికి ప్రయాణం ఎందుకు మానేస్తారో అర్థమవుతుంది.

ప్రాణం విషయం తేలేది గజ్జల్లో. ఈ క్యాన్సర్ ముందు పాకేది అక్కడి గ్రంథుల్లోకి. చేతికి ఏమీ తగలకపోయినా, లోతుకు దిగిన క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి అక్కడ కణాలు దాగి ఉంటాయి. అందుకే "గడ్డ తీసేశారు కదా, అయిపోయింది" అని ఇంటికి వచ్చేయకూడదు. ముందుగా కాపలా గ్రంథిని, అంటే క్యాన్సర్ పాకితే మొదట చేరే గ్రంథిని వెతికి పరీక్షించే పద్ధతిని 1977లో కబానాస్ అనే సర్జన్ ఈ క్యాన్సర్ కోసమే ప్రతిపాదించారు. ఆ ఆలోచనే తర్వాత రొమ్ము క్యాన్సర్‌లో లక్షలమంది ఆడవాళ్లకు పనికొచ్చింది. బాబాయికి గజ్జల ఆపరేషన్ కూడా అయింది. కాళ్లు వాస్తాయి, బిగుతు మేజోళ్లు వేసుకుంటారు. అసలు ఆపరేషన్ కన్నా ఇదే ఎక్కువ బాధపెట్టిందంటారు.

ఇంకో బాధ ఉంది, ఏ చీటీలోనూ రాయనిది. ఆపరేషన్ తర్వాత ఆయన పిన్నితో నెలల తరబడి సరిగ్గా మాట్లాడలేదు. డిశ్చార్జ్ రోజు గాయానికి డ్రెస్సింగ్ గురించి చెప్పారు, మాత్రల గురించి చెప్పారు. భార్యాభర్తల జీవితం గురించి ఒక్క మాట లేదు. కొంత భాగం తీసిన వాళ్లలో చాలామందికి దాంపత్యం సాధ్యమేనని ఆ జంటకు ఎవరో కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. అరవై దాటినవాళ్లకు అవన్నీ ఎందుకు అనుకున్నారేమో. అలా అనుకునే హక్కు ఎవరికీ లేదు.

ఓపీలో రిజిస్ట్రేషన్ దగ్గర జనం ముందు "ఏం ప్రాబ్లమ్?" అని గట్టిగా అడుగుతారు. "యూరాలజీకి (మూత్ర సంబంధ జబ్బుల విభాగానికి) రాయండి" అంటే చాలు, మిగతాది లోపల డాక్టర్‌కు చెప్పండి. డబ్బు గురించి టెన్షన్ పడేవాళ్లు ఆరోగ్యశ్రీ గురించి అడగండి, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి లక్డీకాపూల్ మెట్రో స్టేషన్‌కు దగ్గరే. మూడు, నాలుగు వారాలు మందు వాడినా తగ్గని పుండు గానీ, మచ్చ గానీ, ముద్ద గానీ ఉంటే లోపలికి వెళ్లి ఒకటే చెప్పండి: "డాక్టర్ గారూ, ముందు చూడండి, తర్వాత రాయండి. బయాప్సీ అవసరమేమో చెప్పండి."