ఏజెంటుకు కాగితాలు చాలునా, పరీక్ష కూడా పెట్టాలా?

ప్రతిపాదన: తెలంగాణలో స్థిరాస్తి ఏజెంటుగా నమోదు కావాలంటే శిక్షణ, పరీక్ష తప్పనిసరి కావాలి. అనుకూలంగా మాట్లాడేది హనుమకొండ కోర్టులో భూమి వ్యాజ్యాలు చూసే న్యాయవాది. వ్యతిరేకించేది మడికొండ, కాజీపేట వైపు ప్లాట్లు ఇప్పించే మధ్యవర్తి.

న్యాయవాది: మనం రెరా అని పిలుచుకునే 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, నమోదైన ప్రాజెక్టులో ప్రమోటరు, అంటే వెంచరు వేసే లేదా భవనం కట్టే సంస్థ, అమ్మే ప్లాటును గాని ఫ్లాటును గాని కొనిపించాలంటే ఏజెంటు ముందుగా తన పేరు నమోదు చేయించుకోవాలి. అందుకు అడిగేవి పాన్ కార్డు, ఆధార్, ఫోటో, చిరునామా రుజువు, ఆదాయపు పన్ను రిటర్నులు, రుసుము. ఇవన్నీ మనిషి ఎవరో చెబుతాయి గాని, అతనికి ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం, చదవడం వచ్చునో రాదో చెప్పవు. మహారాష్ట్ర 2023లోనే శిక్షణను, పరీక్షను తప్పనిసరి చేసింది. అమెరికాలోని టెక్సస్‌లో అయితే సేల్స్ లైసెన్సు కోసం 180 గంటల పాఠాలు పూర్తిచేసి, పరీక్ష నెగ్గి, లైసెన్సున్న ఒక బ్రోకరు కింద చేరితేనే పని మొదలుపెట్టనిస్తారు.

మధ్యవర్తి: టెక్సస్ సంగతి టెక్సస్‌ది, మేడం. ఇక్కడ మాలో చాలామంది పదో తరగతి దాటనివారు. అయినా ఏ సర్వే నంబరులో పాలివాళ్ళ తగాదా ఉన్నదో, ఏ మడి చెరువు శిఖంలోకి, అంటే నీరు నిలిచే భూమిలోకి, వస్తుందో కాగితం చూడకముందే చెప్పగలరు. పరీక్ష పెడితే ఓనమాలు బాగా వచ్చిన కుర్రవాడు నెగ్గుతాడు, ఊరు తెలిసినవాడు ఇంటికి పోతాడు. అయినా కొనేవారిని ముంచేది మేమా? అనుమతి రాకముందే ప్రీలాంచ్ పేరుతో డబ్బు వసూలు చేసే ప్రమోటరును వదిలేసి, కమీషన్ మీద బతికేవాడి మెడకు పరీక్ష కట్టడం ఎక్కడి న్యాయం?

న్యాయవాది: ప్రమోటరును చట్టం వదల్లేదన్నా. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు, దాటిన వెంచరును నమోదు చేయకుండా అమ్మకానికి పెట్టకూడదని 3వ సెక్షన్ చెబుతుంది. అలా నమోదు కాని వెంచరులో అమ్మకం కుదర్చకూడదని 10వ సెక్షన్ నేరుగా మీకే చెబుతుంది. మామునూరు విమానాశ్రయం మాట మళ్ళీ వినిపించాక ఆ చుట్టూ పుట్టిన బ్రోచర్లను చూపి బయానా ఇప్పించేవారిలో ఆ సెక్షన్ తెలిసినవారు ఎందరు? నా దగ్గరికి వచ్చిన ఒక దస్తావేజులో సర్వే నంబరు పక్కన ‘అ’ ఉంది, లేఅవుట్ నకలులో అదే నంబరు పక్కన ‘ఆ’ ఉంది. ఆ ఒక్క అక్షరంతో భూమి వేరొకరిదైపోయింది. ఏజెంటు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడనే లేదు. అతనిది మోసం కాదు, అజ్ఞానం.

మధ్యవర్తి: అది అజ్ఞానమే, ఒప్పుకుంటాను. కానీ మీ పరీక్ష ఎవరికి వర్తిస్తుంది? 9వ సెక్షన్ ప్రమోటరు అమ్మేవాటికే గదా. హనుమకొండలో ఒక పాత ఇల్లు చేతులు మారినా, హసన్‌పర్తిలో పది గుంటల పొలం అమ్ముడుపోయినా అక్కడి మధ్యవర్తికి నమోదే అక్కరలేదు. ఎక్కువ తగాదాలు పుట్టేది అక్కడే. పద్ధతిగా నమోదు చేయించుకున్నవాడికి పరీక్ష, చేయించుకోనివాడికి విశ్రాంతి!

న్యాయవాది: చట్టం పరిధిలోకి వచ్చే అమ్మకంలో నమోదు లేకుండా తిరిగితే విశ్రాంతి ఏమీ ఉండదు. 62వ సెక్షన్ కింద రోజుకు 10,000 రూపాయల జరిమానా పడుతుంది, అది ఆ ఆస్తి విలువలో అయిదు శాతం దాకా పెరగవచ్చు. పాత ఇళ్ళ విషయంలో మాత్రం మీరన్నది నిజమే. ఆ లోటును పరీక్ష తీర్చలేదు.

మధ్యవర్తి: అట్లయితే శిక్షణ తెలుగులో, వరంగల్‌లోనే ఇవ్వండి. రాత పరీక్ష బదులు ఒక ఈసీ, ఒక లేఅవుట్ నకలు, ఒక లింకు దస్తావేజు, అంటే ఆ ఆస్తి పాత అమ్మకపు పత్రం, చేతికిచ్చి తప్పు ఎక్కడుందో చూపమనండి. దానికి నేను కూర్చుంటాను. ఇంగ్లీషు ప్రశ్నలకు టిక్కులు పెట్టమంటే మాత్రం నా ఓటు ఇప్పటికీ వ్యతిరేకమే.

న్యాయవాది: అలాంటి పరీక్షకు నాకూ అభ్యంతరం లేదు, అయితే తప్పు పట్టలేకపోయినవారికి నమోదు ఇవ్వకూడదు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉందని మినహాయింపు అడగరాదు.

మధ్యవర్తి: ఆ షరతు దగ్గరే మనకు పొత్తు కుదరదు, మేడం.