లాభం కంపెనీలకే అనడం సరికాదు
ప్రభుత్వ పరిశోధన సంస్థలు చమురు కంపెనీలతో కలిసి పనిచేస్తే లాభపడేది కంపెనీలేనని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల (నీళ్లలో మీథేన్ గ్యాస్ చిక్కుకుని మంచులా గడ్డకట్టిన పదార్థం) సంగతే చూడండి. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధన నౌక సముద్రం అడుగున తవ్వినప్పుడు ఒకచోట దాదాపు 130 మీటర్ల మందాన హైడ్రేట్ ఉన్న మట్టి పొర బయటపడింది. అమెరికా జియలాజికల్ సర్వే, చమురు, గ్యాస్ అన్వేషణను చూసే మన హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్, ఓఎన్‌జీసీ, ఇంకా ఎన్నో సంస్థల శాస్త్రవేత్తలు కలిస్తేనే అది సాధ్యమైంది. ఆ ఫలితాలు అచ్చయ్యాయి కూడా, కంపెనీ బీరువాలో ఉండిపోలేదు. నా బాధల్లా వేరే. నేను జియాలజీ చదివిన కాలేజీలో బావి తవ్వేటప్పుడు లోపలి నుంచి నమూనాగా తీసిన కోర్ ముక్కను ఒక్కసారీ చేత్తో పట్టుకోలేదు, పాఠమంతా బోర్డు మీద బొమ్మలతోనే సాగింది. ఇలాంటి ప్రతి ప్రాజెక్టులో ఒకరిద్దరు ఎమ్మెస్సీ విద్యార్థులకైనా తప్పనిసరిగా చోటివ్వాలి.