కండువా దాచుకున్న బ్యాలెట్టు గారికి

మహారాజశ్రీ పార్టీ రహిత మేయర్ బ్యాలెట్టు గారి సముఖమునకు,

కాలిఫోర్నియాలో ఓటున్న ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం ప్రత్యేకంగా అడగనక్కర్లేదు. నూరేళ్ళు దాటినా తమ ఒంటి మీద ఒక్క పార్టీ మచ్చ లేదు. ఉన్నవన్నీ తమ చుట్టుపక్కలే ఉన్నాయి. ఆ సంగతి విన్నవించుకుందామనే ఈ ఉత్తరం.

తమ పుట్టుక గొప్పదే, కాదనను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా నగరాలు పార్టీ ముఠాల గుప్పిట్లో ఉండేవి. న్యూయార్క్‌లో టామనీ హాల్ అనే డెమోక్రాట్ ముఠా పెద్దల కన్ను పడకుండా ఉద్యోగం రాదు, కాంట్రాక్టు దక్కదు. ఈ కుళ్ళు కడగాలని సంస్కర్తలు నడుం కట్టారు. చెత్త ఎత్తడానికి డెమోక్రాట్ పద్ధతి, రిపబ్లికన్ పద్ధతి అని రెండు ఉండవు కదా, బ్యాలెట్టు మీద పార్టీ పేరు కొట్టేస్తే ఊళ్ళో పార్టీయే పోతుందని తేల్చేశారు. బోస్టన్ 1909లోనే తమర్ని ఇంటికి తెచ్చుకుంది. కాలిఫోర్నియా తమ పేరు ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకుంది. ఈ రోజున అమెరికాలో ఎక్కువ నగరాలు తమ చేతుల మీదుగానే మేయర్లను ఎన్నుకుంటున్నాయి. విచిత్రమేమిటంటే, ఏ టామనీ హాల్‌ని చూసి తమరు పుట్టారో ఆ న్యూయార్కే తమర్ని గడప తొక్కనివ్వలేదు. బ్లూంబర్గ్ గారు మేయరుగా ఉండగా 2003లో తమ సంబంధం పట్టుకొస్తే, జనం ఓటేసి మరీ తిప్పి పంపారు.

ఇక తమ ముఖారవిందం సంగతి. మా రాష్ట్రంలో తమ మీద ఉండేవి రెండే: అభ్యర్థి పేరు, కింద వృత్తి. ఆ వృత్తి మూడు మాటలు దాటకూడదని చట్టం. పార్టీ ఊసు ఉండదు. ఇది చూసి ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు తికమక పడితే పడతారు గానీ, మాకేం? శుభలేఖ మీద ఇంటిపేరు చూసి కులమూ, ఊరు చూసి శాఖా చెప్పేసే శిక్షణ చిన్నప్పుడే అయిపోయి విమానం ఎక్కినవాళ్ళం. ఆ మూడు మాటలు మాకు ఎక్కువే. ‘చిన్న వ్యాపారి’ అన్నవాడు పన్నులు తగ్గించమంటాడు, కాబట్టి రిపబ్లికన్ వైపు. ‘కమ్యూనిటీ ఆర్గనైజర్’ (బస్తీ జనాన్ని కూడగట్టే కార్యకర్త) అన్నామె అద్దెలు పెంచొద్దంటుంది, కాబట్టి డెమోక్రాట్ వైపు. ‘ప్రాసిక్యూటర్’ అన్నవాడి దగ్గర మాత్రం కాస్త ఆగి, ఇంటి ముందు ఎవరి బోర్డు పక్కన ఈయన బోర్డు పాతారో చూసుకోవాలి.

అంత దూరం కూడా వెళ్ళక్కర్లేదు, తపాలా డబ్బా ఉంది. ఎన్నికలు దగ్గర పడేసరికి అందులో రోజూ నున్నటి అట్టముక్కలు. ఒకదాని మీద గద్ద బొమ్మ, వెనక రెపరెపలాడే జెండా, పైన ‘ఓటర్ గైడ్’ అని పెద్దక్షరాలు. కింద వరసగా పేర్లు: గవర్నరు, సెనేటరు, ఆ పంక్తిలోనే సర్దుకుని కూర్చున్న మేయరు అభ్యర్థి. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే కొన్ని పేర్ల పక్కన చిన్న చుక్క గుర్తు (*) కనబడుతుంది. చుక్క ఉందంటే ఆ పేరు వేయించుకోవడానికి అభ్యర్థి డబ్బు కట్టాడని అర్థం. ఇది నా అనుమానం కాదు, చుక్క పెట్టి తీరాలని చట్టమే చెప్పింది. ఇది ఏ పార్టీ అధికారిక పత్రమూ కాదని కూడా కంటికి ఆనని అక్షరాల్లో వేస్తారు. పెద్దాయన పేరు చాలాసార్లు ఊరికే వేస్తారు, ఆయన పక్కన నిలబడినందుకు చిన్నవాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. తమరు కొట్టేసిన పార్టీ పేరు ఇంత ధర పలుకుతోందని సంస్కర్తలకు తెలిస్తే ఏమనేవారో!

పార్టీలను అడ్డుకోవాలని జనం ప్రయత్నించకపోలేదు. 1986లో మా కాలిఫోర్నియా ఓటర్లు, పార్టీ రహిత పదవికి పోటీ చేసేవాళ్ళను ఏ పార్టీ బలపరచకూడదు, వ్యతిరేకించకూడదు అని రాజ్యాంగాన్ని సవరించారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1991లో ఆ కోర్టు అసలు ప్రశ్న జోలికి పోకుండా పక్కకు తప్పుకుంది. తరవాత కింది ఫెడరల్ కోర్టు, పార్టీలకు మాత్రం నోరు లేదా, మాట్లాడుకోనివ్వండి అంటూ ఆ నిషేధం తీసి పారేసింది. చట్టం దృష్టిలో తీర్పు సబబే. ఫలితం మాత్రం ఇది: తమరు మౌనవ్రతంలో ఉంటారు, తమరి తరఫున ఊరంతా మాట్లాడుతుంది.

2022లో లాస్ ఏంజెలెస్ చూడండి. రిక్ కరూసో అని మాల్స్ కట్టే కుబేరుడు. ఒకప్పుడు రిపబ్లికన్, కొన్నాళ్ళు ఏ పార్టీ కాదు, సరిగ్గా మేయరు పోటీలో దిగే ముందు జనవరిలో డెమోక్రాట్‌గా నమోదయ్యాడు. పార్టీ పేరు అచ్చు పడని ఎన్నిక కోసం పార్టీ మారిన మనిషి! పది కోట్ల డాలర్ల పైన ఖర్చు పెట్టాడు. అటువైపు పాత డెమోక్రాట్ కరెన్ బాస్ గారికి బైడెన్ మద్దతు, ఒబామా మద్దతు. చివరకు ఆవిడే గెలిచింది. పార్టీ పేరు కొనుక్కోవడానికి అంత సొమ్ము పెట్టినా, ఎప్పట్నుంచో ఉన్నవాళ్ళకు అది ఊరికే వచ్చింది.

షికాగోది ఇంకో ముచ్చట. ఆ ఊరు 1999 నుంచి మేయరు విషయంలో తమ శిష్యరికమే చేస్తోంది. ఊళ్ళో చివరి రిపబ్లికన్ మేయరు దిగిపోయింది 1931లో. అంటే అక్కడ రిపబ్లికన్ మేయర్ని కళ్ళారా చూసిన తరం దాదాపు పోయింది. అయినా 2023లో అక్కడ తిట్లన్నిటిలోకీ పెద్ద తిట్టు ఏమిటయ్యా అంటే ‘రిపబ్లికన్’. మేయరు అభ్యర్థి పాల్ వాలస్ గారు 2002లో గవర్నరు పదవికి డెమోక్రాటిక్ ప్రైమరీలోనే (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) పోటీ చేశారు, 2014లో అదే పార్టీ టికెట్టు మీద లెఫ్టినెంట్ గవర్నరుకు (గవర్నరు తరవాతి పదవికి) నిలబడ్డారు. అంతటి మనిషి, 2009 నాటి ఒక టీవీ ఇంటర్వ్యూలో తానిప్పుడు రిపబ్లికన్‌కే దగ్గరన్నట్టు నోరు జారిన ముక్క ఒకటి దొరికింది. ప్రత్యర్థి బ్రాండన్ జాన్సన్ వర్గం దాన్ని ఊరూరా మోగించింది. వాలస్ గారు పాపం నేను జన్మతః డెమోక్రాట్‌నే అని మొత్తుకున్నారు, డెమోక్రాట్ సెనేటర్ డర్బిన్ వచ్చి అవునవునని పూచీ ఇచ్చారు. పోలీసు యూనియన్ ఆయన్ను బలపరిస్తే, టీచర్ల యూనియన్ జాన్సన్ వెనక నిలిచింది. జాన్సనే స్వల్ప తేడాతో గెలిచారు. పార్టీ రహిత ఎన్నికలో ఒక అభ్యర్థికి ప్రచారమంతా పార్టీ సర్టిఫికెట్ చూపించుకోవడంతోనే సరిపోయింది.

న్యాయంగా చెప్పాలంటే తమ ఖాతాలో ఒక పుణ్యం ఉంది. హ్యూస్టన్‌లో 2023 డిసెంబరు రన్నాఫ్‌కి (తుది పోరుకి) మిగిలిన ఇద్దరూ డెమోక్రాట్లే. షీలా జాక్సన్ లీ గారికి హిల్లరీ క్లింటన్ మద్దతు. జాన్ విట్‌మైర్ గారు అర్ధ శతాబ్దం టెక్సస్ శాసనసభల్లో కూర్చున్న డెమోక్రాట్. తమవాడంటూ లేని రిపబ్లికన్లు ఆయన వైపు మొగ్గారు, చందాలూ ఇచ్చారు. ఆయన దాదాపు 64 శాతంతో గెలిచారు. పార్టీ ప్రైమరీలున్న నగరంలో అయితే ఆ రిపబ్లికన్ల ఓటు ఎక్కడో మూల పడి ఉండేది. తమ పుణ్యాన వాళ్ళకూ మేయర్ని ఎంచుకోవడంలో పాత్ర దక్కింది. అవతలి పార్టీ వాళ్ళ మద్దతు తెచ్చుకోగలిగినవాడే నగరానికి పనికొస్తాడని తమ భక్తులు అన్నది ఇలాంటి చోటనే నిజమవుతుంది. కాకపోతే ఆ మద్దతు పుచ్చుకున్నవాడు దాన్ని పగలు బయట పెట్టుకోలేడు. ఓటు తీసుకోవాలి, ఫొటో మాత్రం దిగకూడదు. దిగితే ప్రత్యర్థి దాన్నే కరపత్రం చేసి పంచుతాడు. ఎండార్స్‌మెంట్ (బహిరంగ మద్దతు) అంటే దీవెన అనుకుని వచ్చాను నేను, ఇక్కడ అది ఎవరిస్తున్నారన్నదాన్ని బట్టి శాపం కూడా.

2025లో ఓమహాలో తమ సాక్షిగా జరిగిన రచ్చ గుర్తుందా? ఆ ఊరున్న నెబ్రాస్కా అంటే తమకు పుట్టినిల్లు లాంటిది, శాసనసభ కూడా 1937 నుంచి ఒకటే సభ, పార్టీ రహితం. ఇప్పుడు అందులో ఉన్న 49 మందిలో ఎవరు ఏ పార్టీయో అక్కడి పత్రికలకు కంఠతా వచ్చు. అలాంటి చోట, మూడుసార్లు గెలిచిన రిపబ్లికన్ జీన్ స్టోథర్ట్ గారు మేయరు ప్రచారంలోకి ట్రాన్స్‌జెండర్ల గొడవ తెచ్చారు, అమ్మాయిల ఆటల్లో అబ్బాయిలన్నారు. ఆవిడ ధ్యాసంతా బాత్రూముల మీద, మావాడి ధ్యాస రోడ్డు మీది గుంతల మీద అని జాన్ యూయింగ్ వైపు వాళ్ళు ఎదురు ప్రకటన వేశారు. యూయింగ్ గెలిచారు. నూరేళ్ళలో తమ సిద్ధాంతాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన ప్రకటన మరొకటి ఉండదేమో, దాన్ని వేసింది కూడా ఒక పార్టీ కోసమే!

మయామీ గురించి ఎక్కువ చెప్పను. అదే ఏడాది డిసెంబరులో ఒక అభ్యర్థికి స్వయానా ట్రంప్ మద్దతు, ఆయన ఓడారు. గెలిచిన ఐలీన్ హిగ్గిన్స్ గారు దాదాపు ముప్పై ఏళ్ళ తరవాత ఆ ఊరికొచ్చిన డెమోక్రాట్ మేయరని దేశమంతా పతాక శీర్షికలు. పార్టీ పేరు లేనిది ఒక్క తమ మీదే.

సిన్సినాటి మాత్రం నాకు సొంతింటి వ్యవహారంలా అనిపించింది. అక్కడ మేయరుకు పోటీ చేసిన కోరీ బౌమన్ ఎవరనుకున్నారు? ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్‌కి తమ్ముడు, తండ్రి ఒకరే, తల్లులు వేరు. అంటే మన చిలుకూరి వారమ్మాయి ఉష గారికి మరిది వరస. అన్నగారు తమ్ముడికి ఓటెయ్యమని ఎక్స్‌లో పిలుపిచ్చారు. వైట్‌హౌస్‌లో అన్నావదినల బలగం ఉండి కూడా 2025 నవంబరులో డెమోక్రాట్ మేయరు ఆఫ్తాబ్ పురేవాల్ చేతిలో చిత్తుగా ఓడాడు. పురేవాల్‌కి ముప్పావు వంతుకు పైగా ఓట్లు. మన దగ్గరైతే ఇలాంటి మరిదికి కనీసం మార్కెట్ యార్డు చైర్మన్ పదవైనా దొరికేది. అన్నట్టు, పార్టీ ముఠాలను తరిమెయ్యాలని ఆ ఊళ్ళో 1924లో చార్టర్ కమిటీ అని పెట్టుకున్నారు. ఆ కమిటీ ఇప్పటికీ కౌన్సిల్‌కి తన అభ్యర్థులను బలపరుస్తూనే ఉంది.

అసలు తమ దూరపు చుట్టం ఒకాయన మా పల్లెల్లో ఉంటాడు, సర్పంచి ఎన్నిక. చట్టం ప్రకారం ఆయనా పార్టీ రహితుడే. ఎన్నికల సంఘం ఉంగరం, కత్తెర, బ్యాట్ లాంటి గుర్తులిస్తుంది. ఎవరూ మోసపోరు. ఉంగరం ఏ ఎమ్మెల్యేదో, కత్తెర ఎవరి తాలూకో ఊళ్ళో పశువుల కాపరికి కూడా తెలుసు. 2021లో ఆంధ్రలో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలైతే, ప్రతి విడతకీ వైసీపీ, తెలుగుదేశం ఎవరి లెక్క వారు ప్రకటించుకున్నారు. 2025 డిసెంబరులో తెలంగాణలో మూడు విడతలైతే కాంగ్రెస్ మద్దతుదారులు ఇంత, బీఆర్‌ఎస్ మద్దతుదారులు ఇంత అని పేపర్లు పట్టికలు వేశాయి. పైగా సర్పంచి బ్యాలెట్టు రంగు గులాబీ! చట్టం పార్టీ వద్దంటుంది, కాగితం ఒక పార్టీ జెండా రంగులో వస్తుంది, ఎవరికీ అభ్యంతరం లేదు. తమ చుట్టానికి తమకున్నంత గాంభీర్యం లేదు, ఆయన నవ్వుతూనే అబద్ధమాడతాడు.

గెలిచాక కండువా మార్చడం కూడా ఉభయులకూ సమానమే. మా దగ్గర గెలిచిన మర్నాడే సర్పంచి ఎమ్మెల్యే ఇంటి ముందు కండువా కప్పించుకుంటాడు. డాలస్‌లో ఎరిక్ జాన్సన్ గారు ఆ మాత్రం తొందర కూడా పడలేదు. డెమోక్రాట్‌గా రాష్ట్ర శాసనసభలో ఉండి వచ్చి మేయరయ్యారు, 2023 మేలో ఎదుట ఇంకొక పేరే అచ్చు పడకుండా మళ్ళీ గెలిచారు, సెప్టెంబరులో వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో వ్యాసం రాసి రిపబ్లికన్నైపోయారు. ఫిరాయింపు అని అరిచినవాళ్ళు తమర్ని తిరగేసి చూసుకోవాలి. ఏ పార్టీ నుంచి ఫిరాయించినట్టు? తమ మీద ఏ పార్టీ ఉందని? ఓటేసినవాళ్ళు డెమోక్రాట్ అనుకునే వేశారంటే, అది వాళ్ళు ఊహించుకున్నది, తమరు రాసిచ్చింది కాదు. కోర్టులో ఇంత గట్టిగా నిలబడే సాక్షి మరొకడు దొరకడు.

ఎవరి మేలు కోసం ఈ మౌనం అని మాత్రం అడగాలనుంది. అట్టముక్కలు చదివి, చుక్కలు లెక్కపెట్టి, ఎవరు ఎవర్ని బలపరిచారో కూపీ లాగే తీరికున్న నాలాంటి వాడికి తమరు దాచింది ఏమీ లేదు. రెండు షిఫ్టులు చేసి పోలింగు కేంద్రానికి పరుగెత్తుకొచ్చే మనిషి ముందే తమరు బిగుసుకుని కూర్చుంటారు. ఆ మనిషి చాలాసార్లు పేరు విన్నట్టుంది అని పాత మేయరుకే గుద్దేస్తాడు, లేదా ఆ గడి ఖాళీగా వదిలేసి పైన గవర్నరుకు వేసి పోతాడు.

తమర్ని రద్దు చెయ్యమని అడగను. న్యూయార్క్‌లో పార్టీ పేరుతో నడిచే మేయర్ల భాగోతం కూడా రోజూ చూస్తూనే ఉన్నాం. నా మనవి చిన్నది. వృత్తికి మూడు మాటలిచ్చారు కదా, దయచేసి నాలుగు చెయ్యండి. ఆ నాలుగోది ఏమిటో అభ్యర్థులకు తెలుసు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
‘సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, అద్దెదారు’
(నాలుగో మాట ఖాళీ)