కెమెరా ఆపినవాళ్లు పనిదొంగలు కారు

ఈ వారంలో అదే మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. మొదట ఇంజనీరింగ్ స్నేహితుల గ్రూపులో, తర్వాత చుట్టాల గ్రూపులో, చివరికి నిన్న మా మేనేజర్ దగ్గర్నుంచి. ‘ఇంటి నుంచి పనిచేసే టీమ్‌ని దారిలో పెట్టే ఆరు సూత్రాలు’ అని దానికి పేరు. నేను నరసన్నపేటలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని నాలుగేళ్లుగా బెంగళూరు కంపెనీకి పనిచేస్తున్నాను. తొమ్మిది మంది టీమ్‌కి మీటింగులు నడిపేది నేనే. అందుకే చదివి ఊరుకోలేకపోతున్నాను.

‘ఇంట్లో ఉన్నా ఆఫీసు బట్టలే వేసుకోవాలి.’ పనికీ చొక్కాకీ సంబంధం లేదు. ‘ప్రతి మీటింగునీ జోకుతో మొదలుపెట్టాలి.’ నవ్వు రావాలంటే అదే వస్తుంది, దానికోసం టైమ్ కేటాయించక్కర్లేదు.

‘రోజూ ఉదయం గంటసేపు అందరూ కాల్‌లో ఉండాలి.’ తొమ్మిది మంది గంట కూర్చుంటే తొమ్మిది పనిగంటలు పోయినట్టు. అంటే ఒక మనిషి రోజంతా చేసే పని కన్నా ఎక్కువే. మా టీమ్‌లో పదింటిలోగా ఎవరికి వాళ్లు చాట్‌లో మూడు ముక్కలు రాస్తారు: నిన్న ఏం పూర్తయింది, ఇవాళ ఏం చేస్తారు, ఎక్కడ ఆగిపోయింది. పని ఆగినవాళ్లూ, దాన్ని కదిలించగలిగినవాళ్లూ మాత్రమే కాల్‌లోకి వస్తారు. అందరం కలిసేది మంగళ, శుక్రవారాల్లోనే.

‘మీటింగుల మధ్య ఖాళీ ఇస్తే బద్ధకిస్తారు.’ 2021లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 14 మంది మెదడు తరంగాలను కొలిచి చూశారు. వరసగా మీటింగుల్లో కూర్చున్నవాళ్లలో ఒత్తిడి పెరుగుతూ పోయింది. మధ్యలో కాస్త విరామం దొరికినప్పుడు అలా పెరగలేదు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించినది ఐదో సూత్రం: ‘కెమెరా ఆపినవాడు పనిదొంగ. కెమెరా తప్పనిసరి చేయండి.’

రాజాం దగ్గర పల్లెటూరు నుంచి పనిచేసే తమ్ముడొకడు మా టీమ్‌లో ఉన్నాడు. ఫోన్ డేటాతోనే నెట్టుకొస్తాడు. రోజుకు ఒకటిన్నర జీబీ. గ్రూప్ వీడియో కాల్ గంటకే ఒక జీబీ దాకా తినేస్తుంది. మాట ఒక్కటే అయితే వంద ఎంబీ కూడా అవదు. “అక్కా, కెమెరా పెడితే నా మాటే తెగిపోతాది” అంటాడు. అతని మాట కావాలా, ముఖం కావాలా?

ఇంకొక అమ్మాయిది ఒకే గది ఇల్లు. వెనక మంచం మీద పక్షవాతంతో ఉన్న అత్తగారు. ఒకరోజు పైఅధికారి ఒకాయన కెమెరా పెట్టాల్సిందేనని పట్టుబట్టారు. పెట్టాక, “వెనక ఎవరు?” అని అందరి ముందూ అడిగారు. ఆ తర్వాత రెండు వారాలు ఆ అమ్మాయి ఏ మీటింగులోనూ నోరు విప్పలేదు. టీమ్‌లో తప్పులు అందరికన్నా ముందు పట్టేది తనే. క్రమశిక్షణ అంటే ఇదేనా? ఇంతకీ మీరు చూడాలనుకున్నది ఆమె పనినా, ఇంటినా?

ఇది మా ఒక్కళ్ల బాధ కాదు. 2021లోనే అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు 103 మంది ఉద్యోగులను నాలుగు వారాలు గమనించారు. కెమెరా ఆన్ చేసినప్పుడు అలసట పెరిగింది, అలసినవాళ్లు మీటింగుల్లో మాట్లాడటం తగ్గించారు. ఆ అలసట ఆడవాళ్లకూ, కొత్తగా చేరినవాళ్లకూ ఎక్కువని తేలింది.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. కిందటేడు చేరిన కుర్రాడితో మొదటి రెండు నెలలు గొంతుతోనే మాట్లాడాం. వాడు ఎవరినీ ఏదీ అడగలేక, తెలియని పనిని తెలిసినట్టే చేసుకుంటూ పోయాడు. ఒకరోజు వాడూ నేనూ వీడియోలో కూర్చుని అరగంట మాట్లాడుకున్నాం. మర్నాటి నుంచి సందేహం వస్తే నాకే ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. కొత్తవాళ్లకి ఒకసారి ముఖాలు చూపించడం అవసరమే. అక్కడ ఆ మెసేజ్ రాసినవాళ్లదే ఒప్పు, నాదే పొరపాటు.

ఆరోది: ‘రికార్డింగ్ ఉంటే నోట్స్ అక్కర్లేదు.’ గంట రికార్డింగ్ మళ్లీ ఎవరు వింటారు? ఏం తేలింది, ఎవరు చేస్తారు, ఎప్పటికి అన్నది కాల్ ముగిసేలోపే చాట్‌లో రాస్తే చాలు. కరెంటు పోయి మధ్యలో తెగిపోయినవాళ్లు కూడా వచ్చి చదువుకుంటారు.

ఇదంతా నిన్న రాత్రే మా మేనేజర్‌కి రాసి పంపాను. శుక్రవారం మీటింగుకి కెమెరా ఎవరిష్టం వాళ్లదేనని ఒప్పుకున్నారు. మంగళవారం సంగతి ఇంకా తేల్చలేదు, మళ్లీ అడుగుతాను.