ఎయిడ్స్ మండలికి కుర్చీలు వేయు విధానం

జాతీయ స్థాయిలో మండలి పెట్టాలనుకునేవారు దక్షిణాఫ్రికా అనుభవాన్ని ఒకసారి శ్రద్ధగా చదువుకోవాలి. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఆగిపోయినప్పుడు వేసిన ఏడుగురి కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి, ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. (మెకానిక్‌ని పిలుద్దామన్న ప్రతిపాదన మూడో మీటింగ్‌లో వచ్చింది.)

ఆ దేశానికి మొదట్లో ఒక చిక్కు వచ్చిపడింది. డాక్టర్లు, ఉద్యమకారులు కలిసి కూర్చుని తయారుచేసిన ఎయిడ్స్ ప్రణాళిక 1994లోనే కొత్త ప్రభుత్వం చేతికొచ్చింది. మంచి ప్రణాళిక చేతిలో ఉంటే టెన్షనే కదా, అమలు చేయమంటారు! అందుకని 1995లో ఎయిడ్స్ చైతన్యం పేరిట ఒక సంగీత నాటకానికి 1 కోటి 40 లక్షల ర్యాండ్లకు (ర్యాండ్ అంటే అక్కడి కరెన్సీ) పైగా కేటాయించారు. 1997 జనవరిలో వైరోడీన్ అనే మందు కనిపెట్టామంటూ కొందరు నేరుగా మంత్రివర్గ సమావేశానికే వస్తే మంత్రులు చప్పట్లు కొట్టారు. అందులో ఉన్నది ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకం. దాన్ని మనుషుల మీద ప్రయోగించడానికి మందుల నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. చప్పట్లు కొడుతున్న చోట చేతులు కట్టుకు కూర్చున్నవాళ్ళను ఎవరు మరిచిపోతారు?

2000 జనవరిలో జాతీయ ఎయిడ్స్ మండలి వెలిసింది. దేశ ఉపాధ్యక్షుడు జేకబ్ జూమా దానికి పెద్ద. మంత్రులకు కుర్చీలు వేశారు. మత సంస్థలకు, కార్మిక సంఘాలకు, వ్యాపారులకు, క్రీడారంగానికీ వేశారు. వైద్య పరిశోధన మండలికి మాత్రం కుర్చీ దొరకలేదు. నియంత్రణ మండలికి సరేసరి. మందులు ఇవ్వండి మహాప్రభో అని రోడ్డెక్కిన ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్‌కీ లేదు. రోగం గురించి తెలిసినవాళ్ళు వస్తే చర్చ పక్కదారి పడుతుంది మరి.

ఎయిడ్స్‌కు కారణం నిజంగా హెచ్ఐవీ అనే వైరస్సేనా అన్నది తేల్చడానికి అధ్యక్షుడు థాబో ఎంబెకి అదే ఏడాది వేరే సలహా బృందాన్ని వేశారు. వైరస్సే కారణమని 5,000 మందికి పైగా శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టి ప్రకటన ఇచ్చారు. అంతమంది ఒకే మాట చెబితే అనుమానం రాదూ?

అసలు పనితనం నెవిరపీన్ అనే మందు దగ్గర బయటపడింది. హెచ్ఐవీ ఉన్న తల్లికి కాన్పు నొప్పులప్పుడు ఒక మాత్ర, పుట్టాక బిడ్డకు కాస్త మందు, అంతే. బిడ్డకు వైరస్ సోకే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుంది. పైగా ఐదేళ్ళు ఉచితంగా ఇస్తామని కంపెనీయే ముందుకొచ్చింది. ఉచితమంటే జాగ్రత్తపడాలి కదా, ఒక్కో రాష్ట్రంలో రెండేసి చోట్ల మాత్రమే ఇస్తామన్నారు. దేశం మొత్తానికి 18 కేంద్రాలు. నొప్పులొచ్చిన తల్లి ముందు మ్యాప్ చూసుకోవాలి. ఉద్యమకారులు కోర్టుకెళ్ళారు, గెలిచారు. ప్రభుత్వం పై కోర్టుకెళ్ళింది, ఓడింది. 2002 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం ఇక ఇవ్వక తప్పదంది. మండలి ఉన్న దేశంలో మాత్రలు పంచే బాధ్యత జడ్జీల మీద పడటం చూస్తే అధికార వికేంద్రీకరణ ఎంత బాగా జరిగిందో తెలుస్తుంది.

మందులు ఖరీదని తప్పించుకునే వీలు కూడా లేకుండా చేసింది మనవాళ్ళే. మూడు మందుల వైద్యం మనిషికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానని 2001లో సిప్లా ప్రకటించింది. ఇలాంటి దూకుడు ఆ మండలికి సరిపడదు.

ఆరోగ్య మంత్రి మాంటో షబలాలా-సిమాంగ్ దృష్టి మందుల కన్నా వంటింటి మీదే ఉండేది. 2006లో టొరంటో ఎయిడ్స్ మహాసభలో ఆ దేశపు స్టాల్‌లో వెల్లుల్లి, నిమ్మకాయలు, బీట్‌రూట్ అందంగా అమర్చారు. అదే ఏడాది జూమా మీద అత్యాచారం కేసు నడిచింది, నిర్దోషిగా బయటపడ్డారు. హెచ్ఐవీ ఉన్న స్త్రీతో కండోమ్ లేకుండా కలిశాక, ప్రమాదం తగ్గుతుందని స్నానం చేశానని కోర్టులో ఆయనే చెప్పారు. ఐదేళ్ళకు పైగా మండలిని నడిపిన అనుభవం ఊరికే పోతుందా?

2000 నుంచి 2005 దాకా మందులు ఇవ్వకపోవడం వల్ల 3,30,000 మందికి పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు తర్వాత లెక్కగట్టారు. ఈ అంకె దగ్గర నాకు వ్యంగ్యం రావడం లేదు.

2007లో ఆరోగ్య మంత్రి జబ్బుపడి సెలవులో ఉన్నారు. కాలేయం మార్చారు, సర్జన్లే మార్చారు, బీట్‌రూట్ ప్రమేయం లేదు. ఆ సెలవులోనే పనులు చకచకా సాగాయి. మండలిని తిరగదోడారు. కొత్త ఐదేళ్ళ ప్రణాళిక వచ్చింది. ప్రభుత్వాన్ని కోర్టుకీడ్చిన ఉద్యమంలోని మార్క్ హేవుడ్‌ను పిలిచి మండలి ఉపాధ్యక్షుడి కుర్చీలో కూర్చోబెట్టారు. ఈ మార్పుకు గట్టిగా పనిచేసినవారిలో ఉప ఆరోగ్య మంత్రి నోజిజ్వే మద్‌లాలా-రౌట్‌లెడ్జ్ ఒకరు. ఆగస్టులో ఆవిడ పదవి ఊడింది. అనుమతి లేకుండా స్పెయిన్ వెళ్ళారట. వెళ్ళింది ఎయిడ్స్ టీకా సమావేశానికి.